సానే గురూజీ: పగలు బడిలో, రాత్రి వసతిగృహంలో, రచన జైలులో

ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ పిల్లల కోసం పుస్తకాలు రాసేవారికి కాలం ఎన్నడూ చాలదు. పగలంతా తరగతి గదిలో గడిచిపోతుంది. సాయంత్రాలు విద్యార్థుల బాగోగులు కనుక్కోవడానికే సరిపోతాయి. రచనకు మిగిలేది అలసిన శరీరమూ, కాస్తంత రాత్రీ.

మహారాష్ట్రకు చెందిన పాండురంగ సదాశివ సానే ఈ మూడు బాధ్యతలనూ ఒక్కరే మోశారు. ప్రజలు ఆయనను సానే గురూజీ అని పిలుచుకున్నారు. బోధన, సంరక్షణ, రచన అనే మూడింటికీ ఆయన కాలాన్ని వేర్వేరుగా పంచిపెట్టలేదు. మూడూ ఒకే పని అన్నట్టుగా జీవించారు. ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన పుస్తకానికి మాత్రం తీరిక జైలు గోడల మధ్యనే దొరికింది.

కొంకణ తీరంలో బాల్యం

సానే 1899 డిసెంబరు 24న రత్నగిరి జిల్లాలోని పాల్గడ్ గ్రామంలో జన్మించారు. తండ్రి సదాశివరావు, తల్లి యశోద. వారిది ఖోత్ కుటుంబం. గ్రామంలో ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసే హక్కు గలవారిని కొంకణ ప్రాంతంలో ఖోత్‌లు అనేవారు. ఒకప్పుడు కలిగిన ఇల్లే అయినా, పాండురంగ బాల్యం నాటికి ఆస్తి కరిగిపోయింది. అప్పులవారు ఇంటి గడప తొక్కసాగారు.

ఆ లేమిలో కొడుకు మనసును తీర్చిదిద్దినది తల్లి. ఆమె 1917లో కన్నుమూశారు. అప్పటికి పాండురంగ ఇంకా విద్యార్థే. దాపోలిలో, ఔంధ్ సంస్థానంలో, ఆపై పుణెలో ఎన్నో ఇబ్బందులకోర్చి చదువు సాగించారు. మరాఠీ, సంస్కృత సాహిత్యాలు అభ్యసించి ఎం.ఏ. పట్టా పొందారు. తత్త్వశాస్త్ర అధ్యయనం ఆయనను ఖాందేశ్ ప్రాంతంలోని అమల్నేర్ పట్టణానికి చేర్చింది. అక్కడి తత్త్వజ్ఞాన మందిరంలో కొంతకాలం గడిపిన తరువాత 1924లో అదే పట్టణంలోని ప్రతాప్ హైస్కూల్‌లో ఉపాధ్యాయుడయ్యారు.

అమల్నేర్‌లో ఆరేళ్లు

సానే ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నది కేవలం ఆరేళ్లు. అయినా ఆ ఆరేళ్లే ఆయనకు జీవితాంతం గురూజీ అనే పేరును మిగిల్చాయి.

చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలు పాఠశాల వసతిగృహంలో ఉండేవారు. దాని బాధ్యతను కూడా సానే స్వీకరించారు. శుభ్రత గురించి ఉపన్యాసాలు ఇవ్వడానికి బదులుగా పిల్లల గదులు తానే ఊడ్చేవారు. వారి బట్టలు ఉతికేవారు. జబ్బు పడిన విద్యార్థికి దగ్గరుండి సేవ చేసేవారు. గురువు ఊడుస్తుంటే చూస్తూ ఊరుకోలేక పిల్లలే క్రమంగా ఆ పనులు అందుకున్నారు.

రచయితగా ఆయన తొలి సాధన కూడా ఆ వసతిగృహంలోనే జరిగింది. పిల్లల కోసం చేతిరాతతో ఒక దినపత్రికను నడిపారు. కథలు, దేశ విశేషాలు, మంచిచెడ్డలు అందులో ఉండేవి. వారానికో నెలకో కాదు, ప్రతిరోజూ రాయవలసిన పత్రిక అది. 1928లో ‘విద్యార్థి’ అనే మాసపత్రికను ప్రారంభించారు. తాను ఎవరి కోసం రాస్తున్నారో ఆ పాఠకులు ఆయన కళ్ల ముందే తిరిగేవారు. ఆ తరువాతి కాలంలో ఆయన శైలిలో కనిపించే సరళత్వానికి పునాది ఇక్కడే పడింది.

సానే వివాహం చేసుకోలేదు. తనకంటూ ఒక ఇల్లు ఏర్పరచుకోలేదు. పాఠశాల ముగిసిన తరువాత తనదైన వేళ అంటూ ఆయనకు మిగలలేదు.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి పిలుపునిచ్చారు. సానే ఉద్యోగానికి రాజీనామా చేసి ఉద్యమంలో చేరారు. మళ్లీ పాఠశాల ఉద్యోగంలోకి తిరిగి వెళ్లలేదు.

జైలులో తెరుచుకున్న కలం

సానే పలుమార్లు అరెస్టయ్యారు. మొత్తం మీద ఆరేళ్లకు పైగా కారాగారంలో గడిపారు. ధూలే, తిరుచిరాపల్లి, నాసిక్, ఎరవాడ జైళ్లు ఆయన చూసినవే.

1932లో ధూలే జైలులో వినోబా భావే ప్రతి ఆదివారమూ భగవద్గీతపై ప్రసంగాలు చేసేవారు. వాటిని శ్రద్ధగా రాసి పెట్టినవారు సానే. అనేక భారతీయ భాషల్లోకి వెళ్లిన ‘గీతా ప్రవచనాలు’ గ్రంథానికి ఆ రాతప్రతే ఆధారం. మరొకరి మాటలను భద్రపరచడానికి తన సమయాన్ని వెచ్చించడం గురువుగా ఆయనకు అలవాటైన పనే.

తిరుచిరాపల్లి జైలు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. దక్షిణాది భాషల వారితో సహవాసం సానేకు కొత్త ఆలోచన ఇచ్చింది. ఒకే దేశపు ప్రజలు ఒకరి సాహిత్యం ఒకరికి తెలియకుండా బతుకుతున్నారని ఆయన గ్రహించారు. అక్కడే తమిళం నేర్చుకుని, తిరుక్కురళ్‌ను మరాఠీలోకి అనువదించారు.

ఆ తరువాత నాసిక్ జైలులో, 1933 ఫిబ్రవరి 9 నుంచి 13 వరకు, అయిదు రోజుల్లో ‘శ్యామ్‌చీ ఆయీ’ని రాశారు. శ్యామ్ తల్లి అని ఆ పేరుకు అర్థం. ఆశ్రమంలో శ్యామ్ అనే యువకుడు రాత్రికో కథ చొప్పున తన తల్లిని గురించి మిత్రులకు చెబుతాడు. చెప్పేవాడూ, చుట్టూ కూర్చుని వినేవారూ ఉన్న ఆ ఏర్పాటు అమల్నేర్ వసతిగృహాన్ని తలపిస్తుంది. అయిదు రోజుల్లో అంత పుస్తకం సాధ్యమైందంటే, దానికి వెనుక ఆరేళ్ల బోధనా, అంతకుముందు పదిహేడేళ్ల అమ్మ సాంగత్యమూ ఉన్నాయి.

1935లో పుస్తకం వెలువడింది. మరాఠీ ఇళ్లలో తరతరాలుగా పిల్లల చేతికి అందుతూనే ఉంది. ఆచార్య అత్రే దాని ఆధారంగా 1953లో తీసిన చలనచిత్రం, మొదటి జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకుంది.

కథ నుంచి పంఢర్‌పూర్‌కు

ఆ పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. అంటరానివారిగా వెలివేయబడిన కులానికి చెందిన ఒక వృద్ధురాలి కట్టెల మోపు దారిలో కింద పడిపోతుంది. దానిని ఆమె తలకెత్తి రమ్మని తల్లి శ్యామ్‌ను పంపుతుంది. ఊరు ఏమనుకుంటుందోనన్న భయం కంటే ఆ ముసలామె అవసరం పెద్దదని కొడుకుకు నేర్పుతుంది.

పిల్లలకు చెప్పిన ఆ పాఠాన్ని గురూజీ పుస్తకంలోనే వదిలేయలేదు. పంఢర్‌పూర్ విఠలుని ఆలయంలోకి దళితులకు ప్రవేశం లేకపోవడం ఆయనను కలచివేసింది. కొన్ని నెలల పాటు మహారాష్ట్ర అంతటా తిరిగి ప్రజల మద్దతు కూడగట్టారు. 1947 మే 1న పంఢర్‌పూర్‌లో నిరాహారదీక్ష ప్రారంభించారు. మే 10న దీక్ష ముగిసేనాటికి ఆలయ ద్వారాలు అందరికీ తెరవడానికి మార్గం ఏర్పడింది. స్వాతంత్ర్యానికి అప్పటికి మూడు నెలలే వ్యవధి ఉంది.

చివరి సంవత్సరాలు

1948 ఆగస్టు 15న ‘సాధన’ వారపత్రికను సానే స్థాపించారు. భారతీయ భాషల మధ్య సాహిత్య వారధి నిర్మించాలన్న ‘అంతర్ భారతి’ ఆశయం కోసం శ్రమించారు. సోదరుని కుమార్తె సుధకు రాసిన లేఖలు ‘సుందర్ పత్రే’ పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. ప్రకృతి, చరిత్ర, దేశంలో జరుగుతున్న మార్పులు, అన్నీ ఒక చిన్న పిల్లకు అర్థమయ్యేలా వాటిలో వివరించారు. పాఠశాల లేకపోయినా పాఠం ఆగలేదు.

అయితే ఇందరి కోసం వెచ్చించిన మనిషికి తనను తాను ఓదార్చుకునే వేళ లేకపోయింది. గాంధీజీ హత్య ఆయనను కుంగదీసింది. స్వాతంత్ర్యం తరువాత తాను ఆశించిన సమాజం దరిదాపుల్లో కనిపించకపోవడం ఆ దిగులును మరింత పెంచింది. 1950 జూన్ 11న, 50 ఏళ్ల వయసులో ఆయన తన జీవితాన్ని తానే ముగించుకున్నారు. ఇందరు పిల్లల కన్నీళ్లు తుడిచిన గురువు తన వేదనను ఒంటరిగా మోయవలసి రావడం ఆ జీవితంలోని తీరని విషాదం. ఇతరులను ఆదుకునేవారికి కూడా ఆదుకునే చేయి అవసరమని ఆయన కథ చదివేవారికి తప్పక తోస్తుంది.

మిగిలిన వారసత్వం

సానే పేరిట వందకు పైగా పుస్తకాలు ఉన్నాయి. వాటిలో నవలలు, కవితలు, జీవితచరిత్రలు, అనువాదాలు, వ్యాసాలు, పిల్లల కథలు ఉన్నాయి. ‘సాధన’ నేటికీ వెలువడుతోంది. ఆయన పేరుతో ఏర్పడిన ‘కథామాల’ సంస్థ పిల్లలకు కథలు చెప్పే సంప్రదాయాన్ని ముందుకు తీసుకువెళ్లింది. రాయ్‌గఢ్ జిల్లా మాణ్‌గావ్ సమీపంలో జాతీయ స్మారకం వెలసింది.

అమల్నేర్‌లో ఆయన ఎదుట కూర్చున్న పిల్లలు కొన్ని వందల మంది. ‘శ్యామ్‌చీ ఆయీ’ ద్వారా ఆయన మాట విన్న పిల్లల సంఖ్యకు లెక్క లేదు. ఆరేళ్లకే వదిలిన ఆ తరగతిని పుస్తకం ఇప్పటికీ నడుపుతూనే ఉంది.