ఆలన్ ట్యూరింగు – మందగించిన యంత్రము

ఇంటిలోని కంప్యూటరు మందగించినపుడు మనలో పలువురు చేయునవి రెండే పనులు. విసుగుతో దానిని తట్టుట యొకటి. పాతబడినదని తలచి క్రొత్తదానికై తండ్రిని వేధించుట రెండవది. ఇవిగాక మూడవ మార్గమొకటి కలదు. ఆలస్యమెచ్చట కలుగుచున్నదో వెదకి, అచ్చటనే చికిత్స చేయవలెను. ఈ మార్గమును తన జీవితమున పలుమారు అవలంబించి చూపిన మేధావి ఆలన్ ట్యూరింగు.

ఈయన ఆంగ్లేయుడే యైనను మన సీమకు బొత్తిగా పరాయివాడు కాడు. తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, చెన్నపురి రాజధానియందు పార్వతీపురము, విశాఖపట్టణము, బెజవాడ మొదలగు తావుల పనిచేసెను. తల్లి ఈథెల్ సారా, మద్రాసు రైల్వేకు ప్రధాన ఇంజనీరుగా నుండిన ఎడ్వర్డు స్టోనీగారి కుమార్తె. 1911 లో ఆ దంపతులు ఛత్రపురమున కాపురముండిరి. అప్పుడు మన ఉద్దానమును టెక్కలియు గంజాము జిల్లాలోనివి. ఆ జిల్లాకు ఛత్రపురమే ముఖ్యస్థానము. మరుసటి యేట, 1912 జూన్ 23 వ తేదీన, ఆలన్ లండను నగరమున జన్మించెను. తలిదండ్రులు ఉద్యోగధర్మముచే మరల హిందూదేశమునకు రాగా, ఆ బాలుడును అతని అన్నయు ఇంగ్లండులో పరుల యింట పెరిగిరి.

1926 లో ఆలన్ షెర్బోర్ను పాఠశాలలో చేరవలసిన దినముననే దేశమంతట సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోయెను. పదునాలుగేండ్లయినను నిండని ఆ బాలుడు జంకక, సుమారు 60 మైళ్లు సైకిలు త్రొక్కి బడికి చేరెను. పిమ్మట కేంబ్రిడ్జిలో గణితము నభ్యసించి, 1936 లో నొక గొప్ప వ్యాసము ప్రకటించెను. ఆజ్ఞలను వరుసగా నెరవేర్చు నొక ఊహాయంత్రమును అందు వర్ణించెను. నేటి కంప్యూటర్లకు సిద్ధాంతమూలము అదియే. ఏ యంత్రము తన పనిని ముగించునో, ఏది ఎన్నటికిని ముగింపజాలదో, అన్ని సందర్భములందును ముందుగా తేల్చిచెప్పు సూత్రము ఉండజాలదని ఆ వ్యాసమునుండి వెల్లడియగుచున్నది. తెర కదలక నిలిచినపుడు వేచియుండవలెనా, ఆపవలెనా యని కంప్యూటరు మననే యడుగుటకు గల కారణము ఇందు కొంత కలదు.

1939 లో యుద్ధము ప్రారంభము కాగానే ట్యూరింగు బ్లెచ్లీ పార్కు చేరి, జర్మనుల ఎనిగ్మా యంత్రపు రహస్యలిపిని భేదించు పనికి పూనుకొనెను. ఆయన సైకిలు గొలుసు మాటిమాటికి ఊడిపోవుచుండెడిదట. ఆయన దానిని బాగుచేయువానికి ఈయక, ఎన్ని త్రొక్కుళ్లకు ఒకమారు ఊడుచున్నదో లెక్కించి, చెడిన లంకె యొకటి వంగిన పుల్లతో కలిసినపుడే అట్లు జరుగుచున్నదని కనుగొనెనని సహచరులు చెప్పుకొనిరి.

ఆయన రూపొందించిన బాంబ్ అను యంత్రములలో మొదటిది 1940 లో పనికి వచ్చెను. అయినను 1941 నాటికి నౌకాదళపు సంకేతముల భేదనము ప్రతిదినము పండ్రెండు గంటలకు పైగా ఆలస్యమగుచుండెను. ఆ ఆలస్యముచే సముద్రముపై ఓడలును ప్రాణములును ప్రమాదమున పడుచుండెను. కారణము మేధస్సు కొరవడుట కాదు. ఇరువదిమంది గుమాస్తాలు తక్కువయగుటయే! ట్యూరింగును అతని మువ్వురు సహచరులును అక్టోబరు 21 న ప్రధానమంత్రి చర్చిలునకే నేరుగా జాబు వ్రాసిరి. వారు కోరినదెల్ల వెంటనే సమకూర్చుడని ఆయన ఉత్తరువు చేసెను.

యుద్ధానంతరము ట్యూరింగు జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఏస్ అను కంప్యూటరునకు రూపకల్పన చేసెను. పాదరసపు గొట్టములే దానికి జ్ఞాపకశక్తి. అందు తిరుగుచుండు సంఖ్య చివరకు వచ్చువరకు యంత్రము ఊరక వేచియుండవలెను. కావున ముందరి పని ముగియునప్పటికే తరువాతి ఆజ్ఞ చేతికందునట్లు వానిని అమర్చు ఉపాయము నాయన యోచించెను. ఆ నమూనాపై 1950 లో నడచిన చిన్నయంత్రము ఆనాటి మిగుల వేగవంతములైన యంత్రములలో నొకటి.

నేటి కంప్యూటరు కష్టమును ఇట్టిదే. మన పలాస జీడి కర్మాగారమున పొట్టు తీయు స్త్రీలు ఎంత నేర్పరులైనను, గిడ్డంగినుండి సరకు రాకున్న చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే కదా! అట్లే ర్యామ్ నిండిపోయినచో యంత్రము మాటిమాటికి డిస్కును ఆశ్రయించును. తిరుగుడు డిస్కు ర్యామ్ కంటె వేలరెట్లు మందమైనది. కావున మొదట ముఖ్యమైన ఫైళ్లకు ప్రతులు తీసియుంచుడు. పిమ్మట టాస్క్ మేనేజరు తెరచి ప్రాసెసరు, ర్యామ్, డిస్కు అను మూటిలో నేది నిండియున్నదో చూడుడు. యంత్రముతోపాటు తామే మేల్కొను అనవసరపు ప్రోగ్రాములను మాన్పుడు. వైరసు కలదేమో పరీక్షింపుడు. గాలిరంధ్రములలో దుమ్ము చేరినచో యంత్రము వేడెక్కి, తన్ను కాపాడుకొనుటకై తానే వేగము తగ్గించుకొనును, దానిని తుడిపింపుడు. అప్పటికిని తీరకున్న ర్యామ్ పెంచుటయో, తిరుగుడు డిస్కునకు మారుగా ఎస్‌ఎస్‌డి యమర్చుటయో చాలును. ఒక్కొక్క మార్పు చేసి, ఫలితము చూచిన పిమ్మటనే రెండవదానికి పోవలెను.

ట్యూరింగు జీవితాంతము విషాదకరము. పురుషులమధ్య ప్రణయమును నేరముగా నెంచు నాటి చట్టముచే 1952 లో న్యాయస్థానమాయనను శిక్షించి, చెరసాలకు మారుగా మందుల చికిత్స విధించెను. దోషము లేనిచోట దోషము కల్పించి చేసిన చికిత్స యది. 1954 జూన్ 7 న ఆయన సైనైడు విషముచే మరణించెను. వయస్సు 41 ఏండ్లు. బ్రిటిషు ప్రభుత్వము 2009 లో క్షమాపణ చెప్పెను. 2013 లో మరణానంతరము రాజక్షమ లభించెను. మనదేశమున ఆ జాతి చట్టమును సుప్రీముకోర్టు 2018 లో తగ్గించివేసెను.

విద్యార్థులారా! యంత్రమైనను మనుష్యుడైనను, తెలిసికొనక తీర్పు చెప్పరాదు. ముందు లోపమున్నదో లేదో చూడుడు. ఉన్నచో ఎచ్చటనున్నదో లెక్కించి కనుగొనుడు. అటుపిమ్మటనే చేయి చేసికొనుడు.