శరణన్నవారికి తెరచిన వాకిలి: శ్రీమతి డొక్కా సీతమ్మగారు

కోనసీమ గోదావరి పాయల నడుమ నున్న సీమ. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, మధ్యను వైనతేయ. వంతెనలు లేని దినములలో బాటసారి ప్రయాణమంతయు రేవులోని పడవవాని చేతిలో నుండెడిది. ప్రొద్దు క్రుంకిన పిదప పడవ దొరకుట కష్టము. వరద వచ్చినచో దినముల తరబడి కదలుటకు వీలుండదు. లంకలలో గుడిసెలు వేసికొన్నవారు తట్టా బుట్టా నెత్తిన బెట్టుకొని, పిల్లలను చంకనిడుకొని, మెరకను వెదకికొనుచు పోవలసినదే. అట్టి వైనతేయ తీరమున, లంకల గన్నవరములో, ఒక యింటి వాకిలి రేయింబవళ్ళు తెరచియుండెడిది. అది శ్రీమతి డొక్కా సీతమ్మగారి యిల్లు.

సీతమ్మగారు 1841 అక్టోబరులో మండపేటలో అనుప్పిండి భవానీశంకరముగారికి, నరసమ్మగారికి జన్మించిరి. వచ్చినవారి కెల్ల అన్నము పెట్టుటచే తండ్రిగారిని జనులు బువ్వన్న యని పిలిచెడివారట. ఒకనాడు ఆ యింటికి అతిథిగా వచ్చిన డొక్కా జోగన్నగారు, ఆ బాలిక ఆదరమును చూచి, ఆమెను వివాహమాడిరని పెద్దలు చెప్పుదురు. జోగన్నగారు కలిగిన గృహస్థులు. భార్య సంకల్పమునకు ఆయన సమ్మతియే లేకున్నచో ఆ యింటి పొయ్యి అన్నేండ్లు వెలిగియుండెడిది కాదు. ఆ మాట చెప్పక సీతమ్మగారి కథ చెప్పుట న్యాయము కాదు.

ఆనాడు సత్రములు లేకపోలేదు. కాని పెక్కు సత్రములకు వేళలుండెను, వర్ణనియమము లుండెను. సీతమ్మగారి యింట ఆ రెండును లేవు. అర్ధరాత్రి తలుపు తట్టినను లేచి వండి వడ్డించెడివారు. వచ్చినవాడెవడు, ఏ కులమువాడు, ఎచ్చటినుండి వచ్చుచున్నాడు అను ప్రశ్నలు అన్నము తినుటకు ముందు పుట్టెడివి కావు. బ్రాహ్మణ గృహమున, పందొమ్మిదవ శతాబ్దమున, ఇది సామాన్యమైన సాహసము కాదు.

1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని మహాక్షామము పీడించెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికే పూర్తియై యుండుటచే గోదావరి డెల్టాలో పంటలు నిలిచినవి. ఇతర ప్రాంతముల జనము కూలికిని గంజికిని పచ్చని సీమలను వెదకికొనుచు నడచిన కాలమది. అప్పటికి సీతమ్మగారి వయస్సు ముప్పదియైదేండ్లు.

పెట్టుచున్న చేయి ఎంత పెద్దదైనను గాదె అడుగంటక మానదు. ఆస్తి తరిగెను, అయినను వాకిలి మూయబడలేదు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరగా, దారిలో ఆకలిగొన్న కొందరు బాటసారులు గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని తమలో తాము ధైర్యము చెప్పుకొనుచుండుట విని, స్వామి దర్శనము మానుకొని వెనుదిరిగి వచ్చిరను కథ కోనసీమలో ఎరుగనివారు లేరు. ఆ బాటసారులు ఆ యన్నమును భిక్షగా గాక తమకు రావలసిన దానినిగా తలచిరి. ఆమెయు అట్లే తలచి వెనుదిరిగిరి.

ఆపదలో నున్నవాడు పరదేశమున ఆశ్రయము కోరుట మానవుని హక్కని ఐక్యరాజ్యసమితి ప్రకటించినది 1948లో. శరణార్థుల ఒడంబడిక జెనీవాలో కుదిరినది 1951లో. మన దేశము ఆ ఒడంబడికలో చేరనే లేదు. మన తెలుగువారే ఎందరో 1942లో యుద్ధభయముతో బర్మా విడిచి, అడవులలో కాలినడకను స్వదేశము చేరవలసివచ్చెను. అప్పుడు వారికి దారిలో కావలసినది శాసనమా, తెరచిన వాకిలియా యన్నచో, రెండునూ కావలెను. శాసనము లేనిచోట వాకిలి గృహస్థుని దయపై నిలుచును. వాకిలి లేనిచోట శాసనము కాగితముపైననే యుండును.

సీతమ్మగారి కీర్తి సముద్రములు దాటినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము రాగా ఆమె వెళ్ళలేదనియు, అధికారులు బ్రతిమాలగా ఛాయాచిత్రమునకు మాత్రము ఒప్పుకొనిరనియు చెప్పుదురు. ఆహ్వానము నందుకొని వెళ్ళినచో ఆ దినములలో వచ్చినవారికి వండువా రెవ్వరు?

ఆమె 1909 ఏప్రిల్ 28న పరమపదించిరి. గన్నవరము వద్ద వైనతేయపై పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన పాత అక్విడక్టు ప్రక్కనే క్రొత్తది నిర్మించి, 2000లో దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.  2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది.