బావులు త్రవ్విన ఇస్సాకు

ఈ నెల ధ్యానమునకు ఆదికాండము 26వ అధ్యాయము



దాళ్వా వరి పొట్టదశలో నుండు దినములలో మన రామచంద్రపురము చుట్టుప్రక్కల పల్లెలలో రాత్రివేళ తూముల యొద్ద దీపములు కనబడును. కాలువకు వంతులు పెట్టినప్పుడు పై చేనివాడు బోదెకు అడ్డుకట్ట వేయును. శివారు చేనివాడు పార పట్టుకొని వచ్చును. ఆ తగవు ఆదివారమున గుడిలోనికి కూడ వచ్చుట మేము చూచియున్నాము. ఒకే బోదె నీటితో పండించుకొనువారు ప్రభువు బల్ల యొద్ద ఒకరి ప్రక్క ఒకరు మోకరించుటకు వెనుదీయుదురు. అందుచేత ఇస్సాకు జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఇస్సాకు తన తండ్రియైన అబ్రాహామునకు 100 ఏండ్ల ప్రాయమున పుట్టిన వాగ్దాన పుత్రుడు. మోరీయా పర్వతముమీద బలిపీఠముపై కట్టబడి, దేవుని దయచేత బ్రదికెను. 40వ యేట రిబ్కాను వివాహమాడెను. ఆమెను తండ్రి దాసుడు కనుగొన్నదియు ఒక బావి యొద్దనే. 60వ యేట ఏశావు, యాకోబు అను కవలలు పుట్టిరి.

కరవు వచ్చినప్పుడు ఆయన ఐగుప్తునకు పోక, దేవుని ఆజ్ఞ చొప్పున గెరారులో నిలిచెను. అక్కడ ప్రాణభయముచేత భార్యను సహోదరి యని చెప్పి తప్పుచేసెను. ఆయనయు మనవంటి మనుష్యుడే. అయినను ఆ యేట విత్తినదానికి నూరంతల పంట వచ్చెను. మందలును దాసులును విస్తరించగా ఫిలిష్తీయులు అసూయపడి, అబ్రాహాము త్రవ్వించిన బావులను మన్నుపోసి పూడ్చిరి. రాజైన అబీమెలెకు ఆయనను తమ యొద్దనుండి వెళ్లిపొమ్మనెను.

బావి పూడ్చుట యనగా ఏమో గోదావరి నీటితో పెరిగిన మనకు వెంటనే తెలియదు. ధవళేశ్వరము యొద్ద ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో ముగిసెను. ఇప్పుడు అచ్చట ఆయన పేరిట బ్యారేజి నిలిచియున్నది. నాటినుండి మన పెద్దలు కాలువ నీరు ఎరుగుదురు. గెరారు అట్టి చోటు కాదు. అక్కడి ఏరు వానల తరువాత ఎండిపోవును; లోతుగా త్రవ్విన బావియే ఆధారము. దానిని పూడ్చుట మందలను చంపుటతో సమానము.

ఇస్సాకు గెరారు లోయలో గుడారములు వేసి, తండ్రి బావులను మరల త్రవ్వించి, వాటికి తండ్రి పెట్టిన పేర్లే పెట్టెను. దాసులు మరియొక చోట త్రవ్వగా జల పడెను. గెరారు కాపరులు వచ్చి ఆ నీరు తమదని జగడమాడిరి. దానికి జగడమను అర్థమిచ్చు ఏశెకు అని పేరు పెట్టెను. రెండవ బావికిని జగడము వచ్చెను. అది విరోధమను అర్థముగల శిత్నా ఆయెను. అక్కడనుండి వెళ్లి మూడవది త్రవ్వించెను. దానికొరకు ఎవరును జగడమాడలేదు. దేవుడు చోటు కలుగజేసెనని దానికి రహెబోతు అని పేరు పెట్టెను.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. ఎండుచున్న చేని గట్టున నిలిచిన శివారు రైతుతో, ఇస్సాకువలె ఓర్చుకొనుమని చెప్పుట సులభము. మేమును ఒకప్పుడు అట్లే చెప్పి, ఆ సహోదరుని మౌనము చూచి సిగ్గుపడితిమి. అధ్యాయమును మరల చదువగా, తగ్గినవాడు బలహీనుడు కాడని తెలిసికొంటిమి. ఇస్సాకు తమకంటె బలవంతుడయ్యెనని అబీమెలెకే ఒప్పుకొనెను. ఒక బావి విడిచినను మరియొకటి త్రవ్వించుటకు ఆయనకు మనుష్యులు కలరు. శివారు చేనివానికి వేరొక బోదె లేదు. కాబట్టి మొదట తగ్గవలసినవాడు తూము దగ్గర పొలముగలవాడు, ఊరిలో మాట చెల్లువాడు.

తరువాత ఇస్సాకు బెయేర్షెబాకు వెళ్లెను. ఆ రాత్రి యెహోవా ప్రత్యక్షమై ధైర్యపరచగా, అక్కడ బలిపీఠము కట్టెను. దాసులు మరల బావి త్రవ్విరి. అప్పుడు అబీమెలెకు, స్నేహితుడైన అహుజతును సేనాధిపతియైన ఫీకోలును వెంటబెట్టుకొని వచ్చెను. ఇస్సాకు జరిగిన అన్యాయమును దాచలేదు. తన్ను ద్వేషించి పంపివేసినవారు ఇప్పుడేల వచ్చిరని సూటిగా అడిగెను. అడిగిన పిమ్మట వారికి విందు చేసెను. తెల్లవారి ప్రమాణములు చేసికొని సమాధానముగా విడిపోయిరి. ఆ దినమే దాసులు వచ్చి నీళ్లు కనబడెనని చెప్పగా ఆ బావికి షేబ అని పేరు పెట్టెను.

అంతకు ముందు అబ్రాహామును ఆ బెయేర్షెబాలోనే ఒక బావినిగూర్చి అబీమెలెకు అను రాజుతో ఏడు గొఱ్ఱెపిల్లల సాక్ష్యముగా నిబంధన చేసికొనెను. తండ్రినాటి ఒడంబడిక కుమారుని నాటికి మరల చేయవలసివచ్చెను. కాలువకు పూడిక తీసినట్లే సమాధానమును తరతరమున బాగుచేసికొనవలెను.

ఇస్సాకు 180 ఏండ్లు బ్రదికి చనిపోయెను. ఒకప్పుడు ఆయన దీవెనకొరకే పగపడిన ఏశావు యాకోబులు ఇద్దరును కలిసి ఆయనను సమాధిచేసిరి.

పై చేలుగల సహోదరులకు మా మనవి ఒక్కటే. ఈ నెల బల్లకు వచ్చుటకు ముందు ఒక సాయంకాలము బోదె గట్టువెంట శివారు చేనివరకు నడిచి, అక్కడి నేల చూచి రండి. పిమ్మట ఉభయులు కూర్చుండి, నీటి వంతులు కాగితముమీద వ్రాసికొని, పెద్దల యెదుట ఒప్పుకొనుడి. శివారు సహోదరుడు తన కష్టమును దాచక చెప్పవలెను. పై సహోదరుడు కోపపడక వినవలెను.

మనకు చోటు కలుగజేయు దేవుడు మన పొలములలోను మన హృదయములలోను సమాధానము నిలుపును గాక. ఆమేన్.