ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

నరసింహారెడ్డి మన సీమ పాలెగాడు. కుంపిణీ వాళ్లు పాలెగాళ్ల ఊర్లు తీసుకుని, నెలకింత తవర్జీ ఇచ్చేవారు. ఆయన వంతు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో, వారసులు లేక చనిపోయిన చుట్టాల తవర్జీ ఆయనకు ఇవ్వలేదు. ఊరి కావలి కాసే కట్టుబడుల మాన్యాలు కూడా లాక్కున్నారు. అందుకే కట్టుబడులు, బోయలు, మా చెంచులు ఆయనతో కలిశారు. ఆ జూలైలో కోయిలకుంట్ల ఖజానా కొట్టారు.

అయితే అక్కడ కాపలా ఉన్నోళ్లు తెల్లోళ్లు కాదు. కుంపిణీ జీతంతో పిల్లల్ని సాకే మనోళ్లే. రెండు పక్కలా పేదోళ్లే నలిగారు. అక్టోబరు 6న ఆయన్ని పట్టుకున్నారు. 112 మందికి శిక్షలు వేశారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీసి, తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు.

ఇరవై ఏండ్ల కిందట నల్లమలలో అన్నలు, పోలీసులు తిరిగేవారు. ఎవరికి బువ్వ పెట్టినా రెండోవాళ్లు వచ్చి అడిగేవారని మా అవ్వ చెప్పింది. ఆయన కాలంలో కూడా చెంచులకు అంతే అయివుంటుంది.

2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. మంచిదే. ఆ 112 మంది పేర్లు కూడా మన గోడ మీద రాయాలని నా కోరిక.

– 9వ తరగతి విద్యార్థిని