పేరుకు తగిన భాగ్యవతి



భాగ్యమ్మ అనే పేరు మన విచారణల్లో కొత్తది కాదు. ఆడపిల్ల బతుకు చల్లగా సాగాలని కోరుకుని తల్లిదండ్రులు పెట్టుకునే పేరది. ఇదే అర్థం గల పేరును ఒక చిన్నపిల్లకు ఆమెను ఎత్తుకుపోయిన దొంగలు పెట్టారు. అరబ్బీ భాషలో బకిత అంటే అదృష్టవంతురాలు అని అర్థం. కన్నవారి నుండి లాక్కుపోతూ పెట్టిన ఆ పేరు ఎలా నిజమైందో ఈ వారం మీతో చెప్పుకోవాలని ఉంది.

ఆఫ్రికా ఖండంలోని సూడాన్ దేశంలో, డార్ఫుర్ ప్రాంతంలో, సుమారు 1869లో ఆమె పుట్టింది. కలిగిన కుటుంబం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో ఇల్లు కళకళలాడుతుండేది. ఒకనాడు బానిసల వ్యాపారులు ఊరిమీద పడి ఆమె అక్కను ఎత్తుకుపోయారు. కొన్నేళ్ళకు ఈమె వంతు వచ్చింది. అప్పటికి ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. పొలాల దగ్గర ఇద్దరు మనుషులు ఏదో పని చెప్పినట్లు చెప్పి, పక్కకు పిలిచి, కత్తి చూపి పట్టుకుపోయారు. ఆ భయంతో పిల్ల తన పేరే మరచిపోయింది. అమ్మానాన్నలు పెట్టిన ఆ పేరేమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

కాళ్ళకు చెప్పులు లేకుండా వందల కిలోమీటర్లు నడిపించారు. సంతలో పశువును అమ్మినట్లు చేతులు మార్చి మార్చి అమ్మారు. ఒకసారి మరో పిల్లతో కలిసి పారిపోతే మళ్ళీ పట్టుబడింది. ఒక తురుష్క సేనాధికారి ఇంట్లో ఆమె పడిన బాధ తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కొరడా దెబ్బ తినని రోజు లేదు. యజమానురాలి ముచ్చట కోసం ఆమె ఒంటిమీద కత్తితో 114 గాట్లు పెట్టి, అవి మానిపోకుండా ఉప్పు రుద్దారు. ఆ మచ్చలు చివరిదాకా అలాగే ఉండిపోయాయి.

1883లో ఖార్టూం పట్టణంలో ఇటలీ దేశపు ప్రతినిధిగా ఉన్న కలిస్తో లెగ్నాని ఆమెను కొన్నాడు. ఆ ఇంట్లో కొరడా లేదు. ఆయన స్వదేశానికి వెళ్ళేటప్పుడు ఆమె బతిమాలి వెంట వెళ్ళింది. అక్కడ ఆయన తన స్నేహితుని భార్యకు ఆమెను అప్పగించాడు. వెనీసు నగరం దగ్గరి పల్లెలో, ఆ దంపతుల పసిబిడ్డను పెంచే ఆయాగా ఆమె కుదురుకుంది.

ఇక్కడినుండి చూడండి, దేవుడు ఆమె దగ్గరకు ఎవరి రూపంలో వచ్చాడో. ఆ కుటుంబం ఆస్తి వ్యవహారాలు చూసే ఇల్యుమినాతో కెక్కీని అనే పెద్దమనిషి ఒకరోజు ఆమె చేతిలో చిన్న వెండి సిలువ పెట్టాడు. బకిత దాన్ని దాచుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేది. చిన్ననాడు ఊళ్ళో సూర్యచంద్రులను, నక్షత్రాలను చూసి వీటి యజమాని ఎవరా అని ఆశ్చర్యపోయిన పిల్ల ఆమె. యజమానులంటే కొట్టేవారేనని నేర్చుకున్న ఆ పిల్ల, దెబ్బలు తిన్న యజమానిని సిలువమీద చూసింది. తరువాత యజమానురాలు కొంతకాలం సూడాన్ వెళ్తూ, బిడ్డనూ బకితనూ వెనీసులోని కనోసియన్ మఠకన్యల వద్ద ఉంచింది. ఆ సిస్టరమ్మలు ఓపికగా జ్ఞానోపదేశం చెప్పారు.

యజమానురాలు తిరిగి వచ్చి, తనతో సూడాన్ రమ్మన్నది. బకిత రానన్నది. తాను పెంచిన బిడ్డను విడవడం గుండె కోతే. అయినా తాను కనుగొన్న దేవుణ్ణి విడవలేక మాట మార్చలేదు. విషయం న్యాయస్థానానికి చేరింది. ఇటలీ చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదు గనుక ఆమె స్వతంత్రురాలేనని 1889 నవంబరు 29న తీర్పు వచ్చింది.

1890 జనవరి 9న ఆమె జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం అందుకున్నారు. ఆనాడు ఇచ్చిన పేర్లలో జోసెఫిన్‌తోపాటు ఫోర్తునాతా అనేది ఒకటి. దాని అర్థం కూడా అదృష్టవంతురాలే! దొంగలు పెట్టిన పేరునే శ్రీసభ తల్లి జ్ఞానస్నానపు తొట్టి దగ్గర మళ్ళీ పెట్టింది. తరువాతి కాలంలో ఆమె ఆ తొట్టిని ముద్దు పెట్టుకునేవారట. దేవుని బిడ్డగా తాను పుట్టిన చోటు అదేనని ఆమె సంతోషం.

1896లో మాటపట్టు ఇచ్చి కనోసియన్ మఠకన్య అయ్యారు. 1902 నుండి స్కియో పట్టణంలోని మఠంలో వంట చేశారు, కుట్టుపని చేశారు, గుడి సామగ్రి చూశారు, తలుపు దగ్గర కాపలా ఉన్నారు. పెద్ద పదవులేమీ కావు. కాని ఆ తలుపు తట్టిన పిల్లల తలమీద ఆమె చేయి పడేది, కష్టంలో ఉన్నవారికి మంచిమాట దొరికేది. తనకు కెక్కీని ఎలాగో, ఆమె ఎందరికో అలాగయ్యారు.

తనను ఎత్తుకుపోయినవారు ఎదురైతే మోకరించి వారి చేతులు ముద్దు పెట్టుకుంటానని ఆమె చెప్పేవారు. అదంతా జరగకపోతే తాను క్రైస్తవురాలినీ మఠకన్యనూ అయ్యేదాన్ని కాదని ఆమె భావం. పాఠకులారా, ఈ మాటను తొందరపడి అర్థం చేసుకోకండి. ఆమె కృతజ్ఞత దొంగతనానికి కాదు, కొరడాకు కాదు. పాపం ఎప్పుడూ పాపమే. ఆ చీకటిలో కూడా తన చేయి విడవని దేవునికి ఆ స్తోత్రం. ఇంకొక సంగతి గమనించండి. ఆమె ముందు రానని చెప్పారు, ఆ తరువాతే ఈ మాట అన్నారు. భయంతో చెప్పే స్తోత్రం వేరు, స్వేచ్ఛగల బిడ్డ చెప్పే స్తోత్రం వేరు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఒక ఆడకూతురికి, ఓర్చుకోమ్మా, దేవునికి స్తోత్రం చెప్పుకో అని నా చిన్నతనంలో చెప్పి పంపాను. అప్పుడు నేను చేయవలసింది ఆమె పక్షాన ఆ ఇంటికి వెళ్ళడం. బకితకు సిస్టరమ్మలు తోడు నిలిచారు. ఆమెకు నేను నిలవలేదు.

చివరి రోజుల్లో జబ్బు తీవ్రతలో ఆమె మనసు పాత రోజుల్లోకి వెళ్ళిపోయింది. గొలుసులు బరువుగా ఉన్నాయి, కాస్త వదులు చేయమని పక్కనున్నవారిని వేడుకున్నారట. సంతోషంగా బతికిన మనిషికి గాయం గుర్తే ఉండదనుకోకూడదు. 1947 ఫిబ్రవరి 8న మరియతల్లిని తలుచుకుంటూ కన్నుమూశారు. రెండవ జాన్ పౌలు పోపుగారు 1992లో ఆమెను ధన్యురాలిగా, 2000 అక్టోబరు 1న పునీతురాలిగా ప్రకటించారు. 2015 నుండి ఆమె పండుగ రోజైన ఫిబ్రవరి 8న, మనుషుల అక్రమ రవాణాకు బలైనవారి కోసం శ్రీసభ ప్రార్థిస్తోంది.

ఈ రాత్రి ఇంట్లో జపమాల ముగిశాక ఒక పని చేయండి. మీ చేతిలో సిలువ పెట్టినవారెవరో, అమ్మమ్మో, ఉపదేశిగారో, పొరుగింటి పిన్నమ్మో, పేరు పెట్టి తలుచుకుని దేవునికి స్తోత్రం చెప్పండి. పిల్లలనూ చెప్పనివ్వండి. బతికున్నవారైతే రేపు వెళ్ళి వారికే ఆ మాట చెప్పండి. అలాగే మీ వీధిలో గొలుసుల బరువు మోస్తున్నవారు ఎవరైనా ఉంటే, ఒట్టి మాట చెప్పి పంపకండి. వారి పక్కన నిలబడండి.

పునీత జోసెఫిన్ బకితమ్మా, మా కొరకు ప్రార్థించండి.