వలతో సహా ఎగిరిన పావురాలు: పరవస్తు చిన్నయసూరి జీవితం



సాయంత్రం స్కూలు బస్సు దిగి బ్యాగు మూల పడేయగానే మీ అబ్బాయో అమ్మాయో ఫోన్ అడిగే ఉంటారు. అందులో ఎక్కువగా చూసేవి జంతువుల బొమ్మల సినిమాలే. 2006లో వచ్చిన ది వైల్డ్ సంగతే తీసుకోండి. న్యూయార్క్ జూలో ఉన్న సింహం పిల్ల ఓడలో ఎక్కడికో వెళ్లిపోతే, దాని తండ్రీ, ఆయన స్నేహితులైన జిరాఫీ, ఉడుత, కోలా, పాము కలిసి వెతుక్కుంటూ అడవిదాకా వెళ్తాయి. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో చివర్లో వందలాది చేపలు వలలో చిక్కుతాయి. అన్నీ ఒకేసారి కిందికి ఈదితే ఆ బరువుకు వల తెగి సముద్రం అడుగున పడుతుంది. పిల్లలు ఆ సన్నివేశాన్ని ఎన్నిసార్లు చూసినా విసుగు చెందరు.

ఫోన్ లాక్కునే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ వల కథ మన ఇంట్లోనూ ఉంది. మన అచ్చంపేట, చామర్రు, మాదిపాడు ఊళ్లలో పాతకాలం బడి చదువు చదివిన తాతయ్యను అడగండి. పావురాలు వలతో సహా ఎగిరిపోయిన కథ ఆయనకు గుర్తుండే ఉంటుంది. దాన్ని తెలుగు పిల్లల చేతికి పాఠ్యపుస్తకంగా అందించిన మాస్టారి గురించే ఈ నెల మన జీవిత పరిచయం. ఆయన పరవస్తు చిన్నయసూరి.

ముందు కథ గుర్తు చేసుకుందాం

గోదావరి తీరంలో పెద్ద బూరుగు చెట్టు. దాని మీద ఉండే కాకి పేరు లఘుపతనకం. ఒక తెల్లవారుజామున బోయవాడు వచ్చి నేల మీద నూకలు చల్లి, వల పరిచి పొంచి ఉండటం అది చూసింది. అంతలో పావురాల గుంపు వచ్చింది. వాటి రాజు చిత్రగ్రీవుడు. మనుషులు తిరగని అడవిలో నూకలు ఎందుకున్నాయని అతనికి అనుమానం వచ్చింది. బంగారు కంకణం చూపించి బాటసారిని బురదలోకి దింపి తినేసిన ముసలి పులి కథ చెప్పి వద్దన్నాడు. గుంపులో ఒక పావురం ఆ మాటను పిరికితనంగా కొట్టిపారేసింది. అన్నీ దిగాయి, అన్నీ చిక్కాయి.

ఆ తరువాత జరిగింది తల్లిదండ్రులుగా మనం గమనించాల్సిన విషయం. పావురాలన్నీ కలిసి, దిగమని చెప్పిన పావురాన్ని తిట్టడం మొదలుపెట్టాయి. చిత్రగ్రీవుడు మాత్రం తిట్టలేదు. ఆపదలో తప్పు ఎవరిదని వెతుక్కుంటూ కూర్చోవడం చేతకానివాళ్ల పని అని చెప్పి, అందరినీ ఒక్కసారిగా రెక్కలు ఆడించమన్నాడు. వల లేచిపోయింది. బోయవాడు కింద పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయాడు.

పావురాలు చిత్రగ్రీవుడి స్నేహితుడైన హిరణ్యకుడనే ఎలుక దగ్గర దిగాయి. హిరణ్యకుడు స్నేహితుడి కట్లు ముందు కొరకబోయాడు. చిత్రగ్రీవుడు ఒప్పుకోలేదు, తన వాళ్ల కట్లు తెంపాకే తనవి తెంపమన్నాడు. ఇదంతా చూసిన కాకి ఎలుకతో స్నేహం కోరింది. ఆ తరువాత మంథరుడనే తాబేలు, చిత్రాంగుడనే జింక కలిశాయి. ఒకరోజు తాబేలు వేటగాడికి దొరికిపోతే, జింక నీటి పక్కన చచ్చినట్టు పడుకుంది. కాకి దాని కళ్లు పొడుస్తున్నట్టు నటించింది. వేటగాడు తాబేలును కింద పెట్టి జింక వైపు నడిచాడు. ఎలుక తాడు కొరికింది. తాబేలు నీళ్లలోకి జారింది, జింక లేచి పరుగు తీసింది.

పట్టుబడిన స్నేహితుడిని విడిపించే ఈ కథ చాలా దేశాలు తిరిగింది. సంస్కృత పంచతంత్రం నుంచి 6వ శతాబ్దంలో పారశీక భాషకు, 8వ శతాబ్దంలో అరబ్బీకి, అక్కడి నుంచి ఐరోపా భాషలకు వెళ్లింది. తెలుగు బడి పిల్లవాడికి దాన్ని వచన పాఠంగా అందించిన పుస్తకాల్లో పేరుపడినది 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక.

శ్రీపెరుంబుదూరు నుంచి మద్రాసుకు

చిన్నయసూరి 19వ శతాబ్దం తొలి పదేళ్లలో, ఇప్పటి తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో సాతాని శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టారు. ఊరిలో వినిపించేది తమిళం, ఇంట్లో తెలుగు, చదువుకోవలసింది సంస్కృతం. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లవాడు. మన పిల్లలు కూడా తెలుగు, హిందీ, ఇంగ్లీషు మధ్య ఇలాగే పెరుగుతున్నారు కదా.

అప్పట్లో మద్రాసు తెలుగువాళ్లకూ పెద్ద పట్నం. ప్రభుత్వం, కోర్టు, అచ్చుయంత్రాలు, కొత్త బడులు అన్నీ అక్కడే. ఆ రోజుల్లోనే మన పక్కనున్న అమరావతి స్తూపపు శిల్పాలు కూడా మద్రాసు చేరాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పంపిన ఆ రాళ్ల మీద కూడా జంతువుల కథలు చెక్కి ఉన్నాయి. మన కృష్ణ ఒడ్డు శిల్పాలు మద్రాసు చేరిన కాలంలో, అదే ఊళ్లో చిన్నయసూరి పిల్లలకు తెలుగు పాఠం చెబుతున్నారు.

ఆయన పచ్చయ్యప్ప పాఠశాలలో పనిచేసి, తరువాత ప్రెసిడెన్సీ కాలేజీగా పేరుపడిన ప్రభుత్వ విద్యాసంస్థలో తెలుగు పండితులయ్యారు. ఇది చిన్న విషయం కాదు. పండిత పదవులు ఎక్కువగా బ్రాహ్మణ పండితులకే దక్కే కాలం అది. సాతాని కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఆ కుర్చీలో కూర్చోవాలంటే విద్య ఒక్కటే ఆధారం. విద్యాశాఖ వ్యవహారాలు చూసే ఆర్బత్‌నాట్ దొర ఆయన పాండిత్యాన్ని గుర్తించారు. మద్రాసు ప్రెసిడెన్సీకి 1855లో మొదటి విద్యాశాఖ డైరెక్టరు అయినవారు ఆయనే. చిన్నయసూరి పేరు చెక్కించిన బంగారు కంకణాన్ని సీమ నుంచి తెప్పించి ఆర్బత్‌నాట్ బహూకరించారని చెప్పుకుంటారు. సూరి అంటే పండితుడు. ఇంటిపేరు పరవస్తు, పేరు చిన్నయ, చదువుతో సంపాదించుకున్నది సూరి.

పుస్తకం లేని తరగతి గది

కొత్త బడుల్లో తెలుగు చెప్పడానికి మాస్టార్లు దొరికారు కానీ చదివించడానికి తగిన పుస్తకాలు తక్కువ. వీధిబడిలో పిల్లవాడు శతక పద్యాలు, అమరకోశం కంఠస్థం చేసేవాడు. తెలుగులో గొప్ప కావ్యాలున్నాయి, అవి పద్యాలు. పదేళ్ల పిల్లవాడు కూర్చుని ఒక పేజీ తరువాత ఇంకో పేజీ ఆసక్తిగా చదువుకునే వచనం అరుదు.

ఆ ఖాళీని చూసి చిన్నయసూరి జంతువుల కథలు ఎంచుకున్నారు. పంచతంత్రం, హితోపదేశం రెండూ ముందు పెట్టుకుని తెలుగు వచనంలో నీతిచంద్రిక రాశారు. పంచతంత్రం మొదలయ్యేది మిత్రభేదంతో, అంటే స్నేహితులు విడిపోయే కథతో. సూరి మాత్రం హితోపదేశం దారిలో మిత్రలాభాన్ని ముందు పెట్టారు. ఆ పుస్తకం తెరిచిన పిల్లవాడు స్నేహం ఎలా చెడిపోతుందో తెలుసుకునే ముందు, ఎలా కుదురుతుందో తెలుసుకుంటాడు.

ఆ తరువాత ఆయన వ్యాకరణం పట్టుకున్నారు. అంతకు ముందు పండితులు ఎక్కువగా నమ్ముకున్న ఆంధ్రశబ్దచింతామణి సంస్కృత సూత్రాల్లో ఉంది. తెలుగు వ్యాకరణం నేర్చుకోవాలంటే ముందు సంస్కృతం రావాలి! సూరి 1858లో బాలవ్యాకరణం అచ్చు వేయించారు. పది పరిచ్ఛేదాలు, చిన్న చిన్న సూత్రాలు, అన్నీ తెలుగులోనే. మీరు పదో తరగతిలో ఉత్వసంధి, అత్వసంధి, గసడదవాదేశం బట్టీ పట్టి ఉంటే, పుస్తకం మీద పేరు ఎవరిదైనా మీ అసలు మాస్టారు చిన్నయసూరే. ఈ రోజు మీ పిల్లలు చదివే సంధులు కూడా అక్కడివే.

సగంలో ఆగిన పుస్తకం

హితోపదేశంలో నాలుగు భాగాలు: మిత్రలాభం, మిత్రభేదం, విగ్రహం, సంధి. సూరి మొదటి రెండే రాశారు. యాభై ఏళ్లు దాటిన కొద్ది కాలానికే, 1860ల మొదట్లో కన్నుమూశారు. యుద్ధం కథ, రాజీ కథ మిగిలిపోయాయి.

తరువాతి తరం ఆ బరువు ఎత్తుకుంది. కందుకూరి వీరేశలింగం విగ్రహం, సంధి రాశారు. కొక్కొండ వెంకటరత్నం కూడా విగ్రహం రాశారు. బాలవ్యాకరణం వదిలేసిన అంశాలను బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంలో పూరించారు. ఒకరు ఆపిన చోట మరొకరు అందుకున్నారు.

మెచ్చిన పుస్తకమే భారమైంది

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నీతిచంద్రిక భాష గ్రాంథికం. ఆ సొగసును మెచ్చుకున్న పండితులు, పిల్లలు పరీక్షల్లో రాసే తెలుగంతా అలాగే ఉండాలన్నారు. ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీద రాస్తే తప్పయింది. కథ అర్థమైన పిల్లవాడు కూడా దాన్ని తన మాటల్లో రాయడానికి భయపడ్డాడు. పిల్లలకు దారి చూపడానికి పుట్టిన పుస్తకం కొన్నాళ్లకు వాళ్ల కాళ్లకు అడ్డం పడింది.

దానిపై పోరాడినవారు గిడుగు వెంకట రామమూర్తి. 1910ల నుంచి ఆయన ఊరూరా తిరిగి, జనం మాట్లాడే తెలుగులోనే బడి పుస్తకాలు ఉండాలని వాదించారు. పండితులు ఎదురు తిరిగారు. పాఠశాలల్లో వ్యావహారికం నిలబడటానికి దశాబ్దాలు పట్టింది. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరిపేది గిడుగు పుట్టినరోజునే.

అలాగని సూరిని తప్పుపట్టలేం. తన కాలంలో బడిలో లేని పుస్తకం ఆయన రాశారు. ఆ భాషే చివరి మాట అని పట్టుకు కూర్చున్నది తరువాతివాళ్లు. మంచి పద్ధతి కూడా కదలకుండా బిగిస్తే పిల్లలకు వల అవుతుంది. ఫీజు కట్టి, టైమ్‌టేబుల్ చూసి, మార్కులు లెక్కపెట్టే మనందరం, బడి వాళ్లమైన మాతో కలిపి, ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన ఇంటి సంగతి

గిడుగు నాటి పిల్లవాడికి తెలుగు చదవడం వచ్చు, కానీ తన తెలుగులో రాయనిచ్చేవారు కాదు. మన పిల్లల ఇబ్బంది వేరు. వాళ్లు తెలుగు బాగా మాట్లాడతారు, ఇంగ్లీషు పేజీ గబగబా చదువుతారు. తెలుగు పేజీ ముందు పెడితే ఒత్తుల దగ్గర ఆగిపోతారు, కాసేపటికి మీరు చదవండి నాన్నా అంటారు. మీ ఇంట్లో ఇది జరిగిందా? జరిగితే పిల్లల్ని తిట్టకండి, మిమ్మల్ని మీరూ తిట్టుకోకండి. తప్పు ఎవరిదని వెతకవద్దని చిత్రగ్రీవుడు ముందే చెప్పాడు కదా.

ఇంగ్లీషు మీడియం ఎంచుకున్నందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. పిల్లవాడి భవిష్యత్తు కోసమే ఎంచుకున్నారు. చిన్నయసూరి కూడా ఇంగ్లీషు దొరల బడిలోనే ఉద్యోగం చేసి తెలుగుకు పని చేశారు. కానీ పొలంలో మిర్చి కోతలకు వెళ్లొచ్చిన నానమ్మ రాసిచ్చిన సరుకుల చీటీ మనవడు చదవలేకపోతే, ఆ ఇంట్లో ఇద్దరి మధ్య ఏదో తెగినట్టే. అది మార్కుల జాబితాలో కనిపించదు.

అందుకే ఈ నెల మీకు మూడు చిన్న పనులు.

ఒకటి: ఈ ఆదివారం పిల్లలతో కలిసి వాళ్లకు నచ్చిన జంతువుల సినిమా చూడండి. అయిపోయాక పావురాల కథ మీరు చెప్పండి. రెండు కథల్లో ఏది ఎలా తప్పించుకుందో వాళ్లనే పోల్చమనండి.

రెండు: తాబేలును విడిపించిన కథ సగంలో ఆపండి. జింక ఏం చేస్తుందో, ఎలుక ఏం చేస్తుందో వాళ్ల మాటల్లో తెలుగులో నాలుగు వాక్యాలు రాయమనండి. అక్షర దోషాలు ఆ రోజుకు దిద్దవద్దు.

మూడు: ఈసారి స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే, ఎవరి వల్ల తగ్గాయి అని అడిగే ముందు, ఇప్పుడు కలిసి ఏం చేద్దాం అని అడగండి. వలలో పడిన రోజు పావురాల రాజు చేసింది అదే.

పిల్లలు రాసిన నాలుగు వాక్యాలు తెలుగు టీచరుకు పంపండి. తప్పులు ఉన్నా ఫరవాలేదు, కథ వాళ్లదైతే చాలు.