కన్నులు కాచిన మహామంత్రి

అనంతపురపు మెట్టసీమలో వాన అరుదు, రాయి విస్తారము. నైరృతి మేఘములను పడమటి కనుమలు ముందే ఆపివేయుటచేత ఇచ్చటి కొండలు ఏడాదిలో చాల నెలలు మాడిన రంగుతోనే కనబడును. అట్టి కొండలలో పెనుకొండ యొకటి. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండిన ఈ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. విజయనగర ప్రభువులకది రెండవ రాజధాని వంటిది. 1565లో రక్కసి తంగడి యుద్ధము ముగిసిన పిమ్మట రాజధానియే యయ్యెను. రాజబందీలకును ఆ దుర్గమే తగినదని పాలకులు ఎంచిరి కాబోలు. సాళువ నరసింహుని కుమారుడు అచ్చటనే నిర్బంధములో నుండి హతుడయ్యెను. మహామంత్రి సాళువ తిమ్మరుసు కడపటి దినములు కూడ ఆ కోటలోనే గడచెనని స్థానికుల నమ్మకము. ఆయన చెరసాల యనియు, సమాధి యనియు చెప్పు కట్టడములను ఊరివారు నేటికిని చూపుదురు.

తిమ్మరుసు పండితుడు. అగస్త్యుని బాలభారతమునకు మనోహర యను వ్యాఖ్య రచించినవాడు. వీరనరసింహరాయల కాలమునకే ఆయన మంత్రిపదవిలో నుండెను. 1515లో కొండవీడు రాయల వశమైన తరువాత ఆ సీమ పాలనభారము ఆయనపై బడెను. దానిని ఆయన తన మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రి చేతికిచ్చెను. మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రమును అంకితమొందిన అప్పామాత్యుడును మేనల్లుడే. నమ్మదగినవారు కావలెనన్న తనవారినే చూచుట ఆనాటి రాజనీతి. తిమ్మరుసు బలగమును అట్లే పెరిగినది. తుదకు ఆ బలగమే ఆయన మెడకు చుట్టుకొన్నది.

ఆయన జీవితమునందలి రెండు ప్రధాన ఘట్టములను మనకు తెలిపినవాడు నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు. మొదటిది 1509 నాటిది. మరణశయ్యపై నున్న వీరనరసింహుడు ఎనిమిదేండ్ల తన కుమారునకు రాజ్యము దక్కవలెనని తలచి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీసి తెమ్మని మంత్రిని ఆజ్ఞాపించెనట. తిమ్మరుసు యువకుని గుఱ్ఱపుసాలకు గొనిపోయి సంగతి చెప్పెను. తనకు రాజ్యము వలదు, జోగియై దేశములు పట్టిపోయెదనని కృష్ణరాయలు వేడుకొనెను. మంత్రి మేకకన్నులు తెప్పించి రాజునకు చూపెను. అన్నదమ్ముల నడుమ ఇట్టి వైరము లేదని వాదించు చరిత్రకారులు లేకపోలేదు. కాని తెలుగునాట ఈ కథ తెలియని వారరుదు. రాజాజ్ఞను వంచించి నిర్దోషిని కాపాడిన ఆ పనిని ద్రోహమని ఎవ్వరును తలపరైరి. రాయలును ఆయనను తండ్రివలె భావించి అప్పాజీ యని పిలుచుచుండెను.

రెండవది 1524 నాటిది. రాయలు ఆరేండ్ల కుమారుడైన తిరుమలరాయని సింహాసనమెక్కించి, తాను మంత్రిస్థానమున నిలిచెను. ఉత్సవములు ఎనిమిది నెలలు సాగినవి. వాని నడుమనే బాలుడు జబ్బుపడి మరణించెను. తిమ్మరుసు కుమారుడు విషమిచ్చెనని రాయలకు తరువాత తెలిసెనట. ఆయన కొలువుకూటమునకు తిమ్మరుసును, ఆయన కుమారులను, తమ్ముడు గోవిందరాజును రప్పించి, అందఱి యెదుట నేరము మోపెను. ఆ నేరారోపణలో ఒక మాట వినువారిని నిలువున కోయును. తన కన్నులు తీయుమన్న అన్నగారి ఆజ్ఞను ఆనాడు తిమ్మరుసు నెరవేర్చలేదు గనుక, ఆయన అప్పుడే ద్రోహి యనియు, రాజ్యమిప్పించినందుకు తాను ఋణపడి లేననియు రాయలు పలికెనట! ఆ మాట పలుకుచున్న రాజు చూపు ఆ ద్రోహము పెట్టిన భిక్షయే గదా.

తండ్రికి నిజముగా తెలియునా? నూనిజ్ లేఖలో మొదట విషమిచ్చినవాడు కొడుకు. రాజు నోట వచ్చునప్పటికి తండ్రియు కొడుకులును. ఈ రెంటి నడుమనే అసలు చిక్కున్నది. కొడుకు చేసిన ఘోరము ఎఱిగియు దాచియుండినచో, మంత్రిధర్మము పుత్రప్రేమకు ఓడినట్లే. ఒకని కన్నులకై రాజును మోసగింపగలిగినవాడు కొడుకు ప్రాణమునకై మోసగింపలేడా యని రాయలు తలచియుండవచ్చును. కాని నిర్దోషియైన యువకుని పట్ల అంత కరుణ చూపినవాడు పసివాని హత్యను కడుపులో దాచుకొని కొలువున కూర్చుండునని నమ్ముట కష్టము. సాక్షులు గాని, విచారణ గాని ఆ లేఖలో కానరావు. నూనిజ్ వ్రాసినది సుమారు 1535లో, విన్న మాటలు నమ్మి. గజపతుల కుట్ర యని మన జనశ్రుతి చెప్పును. 1962లో వచ్చిన చలనచిత్రమును మహామంత్రిని నిర్దోషిగనే చూపినది.

చెర మూడేండ్లు. అంతవఱకు కన్నులు తీయలేదు. ఒక కుమారుడు చెర తప్పించుకొని, బందిపోట్లుండు కొండలలోని బంధువు కోటను చేరి, రాయలపై కత్తి దూసెను. రాజసేనలు వానిని పట్టి తెచ్చిన పిమ్మటనే తండ్రికిని కొడుకులకును కన్నులు తీయించిరి. బ్రాహ్మణులకు మరణదండనము లేదు గనుక ప్రాణములు మిగిలినవి. కన్నులు పోయిన కొడుకులలో ఒకడు చెరలోనే మరణించెను. పారిపోయిన కొడుకు వెనుక విడిచిన తండ్రిని తలచెనో లేదో.

1529లో రాయలును గతించెను. సింహాసనము అచ్యుతరాయలకు దక్కెను. ఆనాటి నిండుకొలువులో రాజు పలికిన మాటలను నూనిజ్ సవిస్తరముగా వ్రాసియుంచెను. తిమ్మరుసు ఇచ్చిన బదులు మాత్రము అందులో లేదు.